రెండోసారి ఆపరేషన్ బల్ల ఎక్కే ముందు

ఫుట్‌బాల్ దిగ్గజం డీగో మారడోనా 2005లో కొలంబియాలోని కార్టజీనా నగరంలో బరువు తగ్గే బైపాస్ ఆపరేషన్ చేయించుకున్నాడు. కొన్ని నెలలకు టీవీలో కనిపిస్తే అభిమానులు ఆశ్చర్యపోయేంతగా సన్నబడ్డాడు. పదేళ్లు గడిచాయి. 2015లో వెనెజులాలోని మరకైబోలో మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాడు, పాత బైపాస్‌ను సరిచేయించుకోవడానికి. ప్రపంచమంతా ఎరిగిన మనిషి కాబట్టి అది వార్త అయింది. అదే అవసరం మన ఊళ్లో ఒక బ్యాంకు ఉద్యోగికో, ఇద్దరు పిల్లల తల్లికో వస్తే మాత్రం ఆ సంగతి ఇంటి గడప దాటదు.

దాటనివ్వనిది మన మాటలే. “లక్షలు పోసి ఆపరేషన్ చేయించుకుంది, నోరు కట్టుకోలేకపోయింది” అని పెళ్లి పందిట్లో వెనక వరస గుసగుసలు. “మళ్లీ ఒళ్లు చేశావేంటే?” అని ఎదురుగానే అడిగేసే పిన్ని. ఈ మాటలు పడలేక చాలామంది మొదట ఆపరేషన్ చేసిన డాక్టరుకు మొహం చూపించడమే మానేస్తారు. బరువు చూసుకునే మిషన్ మంచం కిందికి పోతుంది. చెకప్‌లు ఆగిపోతాయి, విటమిన్ బిళ్లలు ఆగిపోతాయి. ఏ మూడేళ్లకో, ఐదేళ్లకో, షుగరు తిరగబెట్టాకో, రాత్రిళ్లు పుల్లటి నీళ్లు గొంతులోకి తన్నుకొచ్చి నిద్ర కరవయ్యాకో ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరును వెతుక్కుంటారు. ఈ కథనం ముఖ్యంగా వాళ్ల కోసం.

ఒకసారి బరువు తగ్గే ఆపరేషన్ అయినవారికి దాన్ని సరిచేయడానికో, మరో రకంగా మార్చడానికో, పూర్వస్థితికి తేవడానికో చేసేదాన్ని రివిజన్ సర్జరీ అంటారు. అమెరికాలో ఈ రంగపు వైద్యుల సంఘం అంచనా ప్రకారం 2011లో జరిగిన బేరియాట్రిక్ (బరువు తగ్గే) ఆపరేషన్లలో రివిజన్లు 6 శాతం. 2018 నాటికి 15 శాతం దాటాయి. మన రాష్ట్రాల్లోనూ ఈ ప్రశ్న గుమ్మంలో నిలబడే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో సుమారు 36 శాతం, తెలంగాణ మహిళల్లో సుమారు 30 శాతం అధిక బరువుతోనో స్థూలకాయంతోనో ఉన్నారు. మొదటి ఆపరేషన్లు పెరిగేకొద్దీ రెండోదాని అవసరం పడేవారూ పెరుగుతారు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. “ఇప్పుడు ఏ ఆపరేషన్ చేయించుకోవాలి?” అని అడిగే ముందు “మొదటిది ఎందుకు సరిపోలేదు?” అన్నదానికి జవాబు దొరకాలి. అది దొరికేదాకా ఎవరు తొందరపెట్టినా రెండో ఆపరేషన్‌కు తేదీ ఖాయం చేసుకోవద్దు.

శరీరం ఊరుకోదు

అమెరికాలో ‘ద బిగ్గెస్ట్ లూజర్’ అని బరువు తగ్గే పోటీల టీవీ షో ఒకటి వచ్చేది. అందులో పాల్గొన్న 14 మందిని శాస్త్రవేత్త కెవిన్ హాల్ బృందం ఆరేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించింది. చాలామంది బరువు వెనక్కి వచ్చింది. అయినా వాళ్ల శరీరాలు విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చు చేసే శక్తి ఆ ఒంటికి ఉండాల్సినదానికంటే రోజుకు దాదాపు 500 క్యాలరీలు తక్కువగానే ఉంది. వాళ్లకు ఆపరేషన్లేమీ జరగలేదు, తిండి తగ్గించి వ్యాయామంతో తగ్గినవాళ్లే. కోల్పోయిన కొవ్వును తిరిగి పోగేసుకోవడానికి శరీరం ఎంత గట్టిగా, ఎంతకాలం పోరాడుతుందో ఆ పరిశోధన బయటపెట్టింది.

ఆపరేషన్ ఆ పోరాటంలో మనిషి పక్షాన నిలుస్తుంది. ఆకలి పుట్టించే హార్మోన్లను తగ్గిస్తుంది, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లను పెంచుతుంది. కానీ శరీరమూ మెల్లమెల్లగా సర్దుకుంటుంది. మామూలుగా మొదటి ఏడాదిన్నర, రెండేళ్లలో బరువు బాగా దిగి, ఆపైన కొంత పెరుగుతుంది. 130 కిలోల మనిషి 85కు దిగి ఐదో ఏట 91 దగ్గర నిలబడ్డాడనుకుందాం. అది విజయమే. దానికి ఏ రివిజనూ అక్కర్లేదు. అదే మనిషి 115కు చేరి, ఆగిపోయిన షుగరు మందులు మళ్లీ మొదలై, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు తిరిగొచ్చిందంటే అప్పుడు ఆలోచించాలి. ఇలాంటి సందర్భాల్లో రోగి ‘ఫెయిలయ్యాడు’ అనే మాటను ఇప్పుడు వైద్యులే వదిలేస్తున్నారు. బీపీ మందు ఒకటి సరిపోకపోతే రెండోది కలుపుతారు, అప్పుడు ఎవరినీ నిందించరు. స్థూలకాయానికీ అదే న్యాయం వర్తించాలి.

పాత ఆపరేషన్ల కథ

అసలు రివిజన్ చరిత్ర బేరియాట్రిక్ సర్జరీ చరిత్ర అంత పాతది. 1954లో మినెసోటా విశ్వవిద్యాలయ వైద్యులు క్రెమెన్, లిన్నర్ చిన్నపేగులో చాలా భాగాన్ని పక్కకు తప్పించే పద్ధతిని ప్రచురించారు. బరువు తగ్గింది. దాంతోపాటే కొందరి కాలేయం పాడైంది, కిడ్నీల్లో రాళ్లు పడ్డాయి, విరేచనాలు ఆగలేదు. తర్వాతి దశాబ్దాల్లో అలాంటి ఎన్నో ఆపరేషన్లను విప్పి పేగులను మళ్లీ మామూలుగా కలపాల్సి వచ్చింది. 1960ల్లో అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టారు. బేరియాట్రిక్ సర్జరీకి పితామహుడని ఆయనకు పేరు.

ఎక్కువ రివిజన్లకు దారితీసినది మాత్రం బ్యాండ్. పొట్ట పైభాగం చుట్టూ సిలికాన్ పట్టీ బిగిస్తారు. చర్మం కింద పెట్టిన చిన్న పోర్టులోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుసుకుంటుంది, తీసేస్తే వదులవుతుంది. జీర్ణాశయానికి కోత లేదు, పేగు జోలికి పోవక్కర్లేదు, వద్దనుకుంటే తీసేయొచ్చు. 2001లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ అనుమతి వచ్చాక లక్షలమంది వేయించుకున్నారు. 2011లో అక్కడి బేరియాట్రిక్ ఆపరేషన్లలో మూడో వంతుకు పైగా బ్యాండ్లే. 2018లో ఒక్క శాతం. ఏడేళ్లలో అంత పతనం ఊరికే రాలేదు. పట్టీ జారిపోయింది, కొందరిలో పొట్ట గోడను కోసుకుంటూ లోపలికే దిగింది, కొందరిలో పట్టీ పైన అన్నవాహిక సాగిపోయింది. అన్నం ముద్ద, చపాతీ, చికెన్ ముక్క దిగక గొంతు పట్టేస్తుంటే ఐస్‌క్రీమ్, పాయసం, జ్యూస్ హాయిగా దిగేవి. మనిషి ఏం తింటాడు? దిగేదే తింటాడు. బరువు పెరిగిందని అతణ్ని తప్పుపట్టి లాభమేముంది?

అమెరికాలో మెడికేర్ బీమా కింద బ్యాండ్ వేయించుకున్న సుమారు 25 వేలమందిపై 2017లో ఒక అధ్యయనం వచ్చింది. వాళ్లలో 18.5 శాతం మందికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. అలా చేయాల్సి వచ్చినవారికి ఒకటితో ఆగలేదు, సగటున దాదాపు నాలుగు. అమెరికా, ఆస్ట్రేలియాల్లో 2000ల్లో బ్యాండ్ వేయించుకున్న మనవాళ్లు ఎవరైనా ఉంటే ఒక విషయం గుర్తుంచుకోవాలి. బ్యాండ్ తీసేసి ఊరుకుంటే ఎక్కువమందిలో బరువు తిరిగొస్తుంది. అందుకే తీసేటప్పుడే, లేదా తీసిన మూడు నెలలకో ఇంకాస్త ఆగో, కింద చెప్పబోయే స్లీవ్‌గానో బైపాస్‌గానో మారుస్తారు. పట్టీ పొట్ట గోడలోకి దిగిపోయి ఉంటే ఒకేసారి రెండు పనులూ చేయడం ప్రమాదం. ముందు అది తీసి గాయం మాననివ్వాలి.

స్లీవ్: పుట్టుకే సగం ఆపరేషన్

మన దగ్గర రివిజన్ కోసం వచ్చేవారిలో చాలామందికి మొదట జరిగినది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. పొట్టలో ముప్పావు వంతుకు పైగా కోసి బయటికి తీసేస్తారు. మిగిలేది సన్నటి గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం కోసేసిన ముక్కతో పోతుంది. పేగులను ముట్టుకోరు. ఆపరేషన్ తొందరగా అయిపోతుంది, చెప్పి ఒప్పించడమూ తేలిక.

ఈ స్లీవ్ ఎలా పుట్టిందో తెలిస్తే రివిజన్ సగం అర్థమవుతుంది. డ్యుయోడినల్ స్విచ్ అని ఒక పెద్ద ఆపరేషన్ ఉంది. పొట్టను గొట్టంలా చేయడం అందులో మొదటి భాగం, పేగు దారి మార్చడం రెండో భాగం. న్యూయార్క్‌లో మిషెల్ గానియే బృందం 1999లో దాన్ని ల్యాప్రోస్కోపీతో చేయడం మొదలుపెట్టింది. మరీ భారీ శరీరాలవారికి రెండు భాగాలూ ఒకేసారి చేస్తే ప్రాణాపాయం అని గమనించి, ముందు స్లీవ్ చేసి, కొంత బరువు తగ్గాక రెండోది చేద్దామన్నారు. తీరా చూస్తే స్లీవ్‌తోనే కొందరు బాగా తగ్గి రెండోదానికి రాలేదు. అలా సగం ఆపరేషన్ పూర్తి ఆపరేషన్‌గా లోకమంతా పాకింది. స్లీవ్ సరిపోక రెండో ఆపరేషన్‌కు వచ్చిన మనిషి చాలాసార్లు మొదట గీసిన ప్లానులోని మిగతా సగానికి వచ్చాడు, అంతే. ఈ మాట ఆపరేషన్‌కు ముందే రోగికి చెప్పి తీరాలి. చాలాచోట్ల చెప్పడం లేదు.

స్లీవ్ అయినవారు రెండో ఆపరేషన్‌కు రావడానికి ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి బరువు, రెండోది మంట. ఈ రెండింటికీ దారులు వేరు, అసలు చిక్కంతా అక్కడే.

మంట సంగతి ముందు. స్లీవ్ గొట్టంలో ఒత్తిడి ఎక్కువ. లోపలి ఆమ్లం పైకి, అన్నవాహికలోకి తన్నుతుంది. ఫిన్లాండ్‌లో 240 మందిని స్లీవ్, బైపాస్ అని రెండు గుంపులుగా విడదీసి పదేళ్లు వెంబడించిన స్లీవ్‌పాస్ అధ్యయనం 2022లో ఫలితాలు చెప్పింది. పదేళ్లకు ఎండోస్కోపీ చేస్తే అన్నవాహిక వాపు స్లీవ్ వారిలో 31 శాతం మందికి, బైపాస్ వారిలో 7 శాతం మందికి కనిపించింది. ఉండాల్సినదానికంటే ఎక్కువున్న బరువులో స్లీవ్ వారు 43.5 శాతం, బైపాస్ వారు 50.7 శాతం తగ్గారు. బరువులో తేడా ఓ మోస్తరు. మంటలో తేడా పెద్దది.

ఆ మంట ఎలాంటిదో పడ్డవారికే తెలుసు. రాత్రి ఏడింటికే భోజనం ముగించినా పదకొండింటికి వెల్లకిలా పడుకోగానే ఛాతీ మధ్యలో నిప్పు రాజుకుంటుంది. మంచం తల వైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టుకుంటారు, మూడు దిండ్లు ఎత్తుగా పెట్టుకుంటారు, కొందరు కుర్చీలోనే కునుకు తీస్తారు. పరగడుపున వేసుకునే గ్యాస్ బిళ్ల ఒకటి నుంచి రెండుకు పెరుగుతుంది. పొడిదగ్గు వదలదు, గొంతు బొంగురుపోతుంది. దీన్ని ‘గ్యాస్ ప్రాబ్లమ్’ అని తేలిగ్గా తీసేయకూడదు. ఏళ్ల తరబడి ఆమ్లం తగిలితే అన్నవాహిక లోపలి పొర మారి బ్యారెట్ అనే స్థితికి రావొచ్చు. కొద్దిమందిలో అది క్యాన్సర్‌కు ముందు దశ.

ఇలాంటివారికి నిలిచిన దారి రూ-ఎన్-వై బైపాస్. స్విస్ సర్జన్ సీజర్ రూ పేరు మీద వచ్చిన పేరది. పొట్ట పైన గుడ్డు పరిమాణానికి మించని చిన్న సంచిని మాత్రం వదిలి, పేగును ఇంగ్లిష్ వై అక్షరం ఆకారంలో తెచ్చి దానికి కలుపుతారు. ఆమ్లమూ పైత్యరసమూ అన్నవాహికకు దూరంగా, కింద పేగులో కలుస్తాయి. స్లీవ్ నుంచి ఇలా మారిస్తే మంట విషయంలో ఎక్కువమందికి ఊరట. కానీ దీంతో అదనంగా తగ్గే బరువు మాత్రం ఓ మాదిరిగానే ఉంటుంది. మంట కోసం వచ్చి సన్నబడతానని ఆశపడినా, సన్నబడటానికి వచ్చి ఇది చేయించుకున్నా నిరాశే మిగులుతుంది.

బరువే ప్రధాన సమస్య అయితే డాక్టర్లు చెప్పే పేర్లు వేరు. మన దేశంలో బాగా వాడుకలో ఉన్నది ఒకే అతుకు బైపాస్, చాలామంది మినీ బైపాస్ అనే పిలుస్తారు. అమెరికా సర్జన్ రాబర్ట్ రట్లెడ్జ్ 1997లో మొదలుపెట్టారు. పేగును ఒకే చోట పొట్టకు కలుపుతారు కాబట్టి పని సులువు, బరువూ బాగానే తగ్గుతుంది. కొందరిలో పైత్యరసం పైకి తన్నే ఇబ్బంది ఉంది. అప్పటికే మంట ఉన్నవారికి, అన్నవాహిక దెబ్బతిన్నవారికి ఇది సరైన ఎంపిక కాదన్నది నా చదువులో పదేపదే ఎదురైన మాట. మరొకటి సాడీ. 2007లో మాడ్రిడ్‌లో మొదలైంది. స్లీవ్‌ను అలాగే ఉంచి చిన్నపేగు దిగువ భాగాన్ని తెచ్చి కలుపుతారు. అసలు డ్యుయోడినల్ స్విచ్ అయితే వీటన్నిటికంటే బలమైనది. బరువు అన్నిటికంటే ఎక్కువ తగ్గిస్తుంది. బదులుగా రోజుకు పలుమార్లు విరేచనాలు, ప్రోటీన్ కొరత, ఏ, డీ, ఈ, కే విటమిన్ల లోటు జీవితాంతం కాచుకోవాలి. రక్తపరీక్షలకు ఏటా క్రమం తప్పకుండా రాగలిగేవారికే అది తగును.

సాగిన స్లీవ్‌ను మళ్లీ కోసి సన్నం చేస్తామనేవారూ ఉన్నారు. మొదటిసారి పైభాగం ఎక్కువగా వదిలేశారని పరీక్షల్లో తేలితే దానికి అర్థం ఉంది. అదేమీ లేకుండా ఊరికే కుదిస్తే ఒత్తిడి పెరిగి మంట మొదలవుతుంది, ఉన్న మంట ముదురుతుంది. ఇంకొకటి. తీసేసిన పొట్టను ఎవరూ తిరిగి అతికించలేరు. బైపాస్‌ను అవసరమైతే పూర్వస్థితికి తేవొచ్చు, స్లీవ్‌ను తేలేరు.

బైపాస్ తర్వాత

బైపాస్ అయినవారికి దారులు తక్కువ. పొట్ట సంచికీ పేగుకూ మధ్య అతుకు వెడల్పై తిన్నది జారిపోతుంటే ఆకలి తొందరగా వేస్తుంది. నోటి గుండా ఎండోస్కోప్ పంపి ఆ ద్వారాన్ని లోపలి నుంచే కుట్టి సన్నం చేస్తున్నారు. పొట్ట కోయక్కర్లేదు, ప్రమాదం తక్కువ, ఫలితమూ ఆ మేరకే ఉంటుంది. పొట్ట సంచి పక్కనున్న పాత పొట్టలోకి దారి ఏర్పడి ఉంటే దాన్ని మూయాలి. పేగు కలిసే చోటును ఇంకా కిందికి జరపడమూ ఒక పద్ధతి. లెక్క తప్పితే మనిషి ప్రోటీన్ లేక కాళ్లు వాచి మంచాన పడతాడు. చేయి తిరిగిన సర్జన్లు కూడా దీనికి ఆచితూచి ఒప్పుకుంటారు.

బైపాస్ అతుకు దగ్గర పుండు పడటం మన దగ్గర మరీ ఎక్కువగా చెప్పుకోవాల్సిన సంగతి. దానికి ముఖ్య కారణాలు సిగరెట్టు, నొప్పి బిళ్లలు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో చీటీ లేకుండా డైక్లోఫెనాక్ కొని వేసుకునే అలవాటు మనకు ఇంటింటా ఉంది. బైపాస్ అయినవారికి ఆ బిళ్ల విషంతో సమానం. పుండు ముదిరి చిల్లు పడితే అర్ధరాత్రి ఎమర్జెన్సీ ఆపరేషనే గతి.

‘ఎందుకు’ని ఎలా వెతుకుతారు?

మంచి డాక్టరు మొదటి రోజే ఆపరేషన్ తేదీ రాయడు. ముందు ఎండోస్కోపీ: గొట్టం మధ్యలో మెలిక పడిందా, సన్నబడిందా, పై భాగం సంచిలా ఉబ్బిందా, పొట్ట ఛాతీలోకి జారిందా. తర్వాత బేరియం తాగించి ఎక్స్‌రే, అవసరమైతే సీటీ స్కాన్. మంట ప్రధానమైతే అన్నవాహిక కండరాల బలాన్ని, 24 గంటల ఆమ్లాన్ని కొలిచే పరీక్షలు. గొట్టం మెలికపడి సన్నబడటమే మంటకు కారణమైతే కొందరికి ఎండోస్కోపీతో బెలూన్ పెట్టి సాగదీస్తే సరిపోతుంది, రివిజనే అక్కర్లేదు.

పొట్ట బాగానే ఉందని తేలితే వెతకాల్సింది మనిషి జీవితంలో. థైరాయిడ్ చూశారా? స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు బరువు పెంచుతాయి, వాటిని మార్చొచ్చేమో అడిగారా? రాత్రి షిఫ్టులు మొదలయ్యాయా? కాన్పు అయిందా? ఇంట్లో చావు, విడాకులు, ఉద్యోగం పోవడం లాంటివేమైనా జరిగాయా? బైపాస్ తర్వాత మద్యం రక్తంలోకి ఎంతో వేగంగా ఎక్కుతుంది, వ్యసనంగా మారే ముప్పు పెరుగుతుందని అమెరికా అధ్యయనాలు తేల్చాయి. ఆ ప్రశ్న అడగడానికి మన డాక్టర్లు మొహమాటపడతారు, చెప్పడానికి మన రోగులు సిగ్గుపడతారు. పడకూడదు.

ఇక తిండి. చిన్న పొట్టను ఓడించేవి బిర్యానీలు కావు. అవి నాలుగు ముద్దలకే ఆగిపోతాయి. టీలో ముంచిన బిస్కెట్లు, నాలుకపై కరిగిపోయే మైసూర్‌పాక్, సాయంత్రం ఫోన్ చూస్తూ నమిలే జంతికలు, వేసవిలో మామిడిరసం. ఇవి ఏ స్లీవ్‌కూ అడ్డుపడకుండా జారిపోతాయి. రోజంతా కొద్దికొద్దిగా తింటూనే ఉంటే ఏ సర్జన్ చేసిన కుట్టూ కాపాడలేదు. ఇందులో మనిషి తప్పును వెతకడం కాదు నా ఉద్దేశం. రెండో పొట్టను కూడా ఇవే బిస్కెట్లు ఓడిస్తాయి. అందుకే డైటీషియన్‌తో, అవసరమైతే మానసిక నిపుణులతో కొన్ని నెలలు పనిచేశాకే ఆపరేషన్ మాట రావాలి.

సూదిమందుల రాక

మొదటి ఆపరేషన్ నాటికి లేని ఒక దారి ఇప్పుడు ఉంది. టిర్జెపటైడ్ (మౌంజారో) 2025 మార్చిలో, బరువు తగ్గేందుకు వాడే సెమాగ్లుటైడ్ (వెగోవీ) 2025 జూన్‌లో భారత మార్కెట్లోకి వచ్చాయి. వారానికి ఒక ఇంజెక్షన్. 2021లో వచ్చిన పెద్ద అధ్యయనంలో సెమాగ్లుటైడ్ వాడినవారు 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. 2022 నాటి మరో అధ్యయనంలో టిర్జెపటైడ్ ఎక్కువ మోతాదుతో 72 వారాల్లో 20 శాతానికి పైగా తగ్గారు. ఇవి ఆపరేషన్ కానివారి లెక్కలు. ఆపరేషన్ అయ్యాక సరిగా తగ్గనివారి మీద లండన్‌లో 70 మందితో చేసిన బారి-ఆప్టిమైజ్ ట్రయల్ 2023లో వెలువడింది. ఇదే కుటుంబంలోని పాత మందు లిరాగ్లుటైడ్‌ను రోజూ ఇస్తే 24 వారాల్లో 8.8 శాతం తగ్గారు. ఉత్తి సూది తీసుకున్నవారిలో తగ్గింది అర శాతం.

కాబట్టి సమస్య కేవలం బరువే అయి, పొట్ట నిర్మాణంలో లోపమేమీ లేకపోతే రెండో కత్తికి ముందు ఈ మందు గురించి అడగడం సబబు. మంటకు ఇది మందు కాదు. వాంతులు, మలబద్ధకం తేవొచ్చు, ఆపేస్తే బరువు తిరిగొస్తుంది, నెలనెలా ఖర్చు. సెమాగ్లుటైడ్‌పై భారత్‌లో పేటెంట్ గడువు 2026 మార్చి వరకే కాబట్టి ధర ఎప్పటికప్పుడు కనుక్కోవాలి. అసలే తక్కువ తినే మనిషి ఆకలి ఇంకా చచ్చిపోతే ప్రోటీన్ తినడం మానేసి కండ కరిగించుకుంటాడు. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ వెళ్తోందో లేదో చూసుకుంటూ డాక్టరు కనుసన్నల్లోనే వాడాలి.

ప్రమాదం దాచకూడదు

పాత ఇంటి గోడల మీద కొత్త అంతస్తు లేపడం లాంటిదే రివిజన్. లోపల పేగులు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి. పాత స్టేపుల్స్, గట్టిపడిన మచ్చలు, తగ్గిన రక్తప్రసరణ. అతుకు లీకయ్యే అవకాశం, ఆస్పత్రిలో ఉండే రోజులు, మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం అన్నీ మొదటిసారి కంటే ఎక్కువ. రివిజన్ తర్వాత తగ్గే బరువేమో చాలాసార్లు మొదటిసారి అంత ఉండదు. ఈ రెండు వాక్యాలూ మీకు చెప్పకుండా సంతకం పెట్టమనే చోట సంతకం పెట్టకండి. మొదటి ఆపరేషన్లు ఎన్ని చేశారని కాక, రివిజన్లు ఎన్ని చేశారు, వాటిలో లీకులు ఎన్ని అని అడగండి. చేసినవారికి ఆ లెక్క తెలిసే ఉంటుంది.

ప్రాణం మీదికి తెచ్చే ఒక సంగతి ప్రతి ఇంటికీ తెలియాలి. ఆపరేషన్ తర్వాత రోజుల తరబడి వాంతులైతే శరీరంలో థయమిన్, అంటే బీ1 విటమిన్, అడుగంటుతుంది. నీరసంగా ఉందని దగ్గర్లోని క్లినిక్‌కు తీసుకెళ్తే అక్కడ మొదట చేసేది గ్లూకోజ్ బాటిల్ ఎక్కించడం. థయమిన్ లేని శరీరానికి గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు. చూపు చెదరడం, నడక తూలడం, మాట తికమకపడటం ఆ జబ్బు గుర్తులు. గ్లూకోజ్‌కు ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇమ్మని ఇంట్లోవాళ్లే నోరు తెరిచి చెప్పాలి. అలాగే బైపాస్ అయినవారికి, గర్భిణులకైతే మరీ, పొట్టలో మెలితిప్పే నొప్పి వస్తే పేగు లోపలే ఇరుక్కుందేమోనని అనుమానించి వెంటనే సర్జన్ ఉన్న ఆస్పత్రికి వెళ్లాలి. ఐరన్, బీ12, డీ విటమిన్, కాల్షియం బిళ్లలు ఆపరేషన్ అయిన ఎవరికైనా జీవితాంతం తప్పవు.

బీమా విషయంలో నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన స్పష్టంగానే ఉంది. వయసు 18 నిండి, బీఎంఐ (ఎత్తు, బరువుల సూచిక) 40 లేదా ఆపైన ఉన్నా, 35 లేదా ఆపైన ఉండి గుండెజబ్బు, తీవ్రమైన నిద్ర ఊపిరి సమస్య, అదుపులేని షుగరు లాంటివి ఉన్నా, మామూలు మార్గాలు ఫలించకపోతే, డాక్టరు సలహా మీద చేసే ఆపరేషన్‌ను స్థూలకాయం చికిత్సకు బీమా వర్తించదనే మినహాయింపు పేరుతో తోసిపుచ్చడానికి వీల్లేదు. రివిజన్‌కు వెళ్లేవారు బీమా కంపెనీ అనుమతిని ముందే కాగితం మీద తీసుకోవాలి. మంటో, పుండో, బ్యాండ్ జారడమో కారణమైతే ఆ కారణం ఎండోస్కోపీ రిపోర్టుతో సహా డాక్టరు చీటీలో ఉండాలి. ‘బరువు తగ్గించడానికి’ అని ఒక్క ముక్క రాస్తే క్లెయిము చిక్కుల్లో పడుతుంది.

ఆఖరుగా ఒక విన్నపం. మీకో మీ ఇంట్లోవారికో ఈ ఆపరేషన్ అయి ఉంటే ఈ ఆదివారం ఆ ఫైలు బయటికి తీయండి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే ఉంటే చాలదు. ఆపరేషన్ నోట్స్ కావాలి: ఏ రకం ఆపరేషన్, గొట్టం ఎంత సన్నగా చేశారు, పేగు ఎన్ని సెంటీమీటర్ల దగ్గర కలిపారు, బ్యాండ్ అయితే ఏ కంపెనీది. రేపు ఇంకెవరైనా లోపలికి వెళ్లాల్సి వస్తే వారికి దారి చూపేది ఆ కాగితమే. అది లేకపోతే చేసిన ఆస్పత్రిని రాతపూర్వకంగా అడగండి. రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. అవే నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను వైద్యులు దాచాల్సింది మూడేళ్లే. రివిజన్ అవసరం చాలామందికి ఆ మూడేళ్లు దాటాకే వస్తోంది కాబట్టి ఆలస్యం చేయకుండా అడిగి తెచ్చుకోండి.